పష్తూన్ల గుర్తింపు, సోషల్ మీడియా: వాళ్ల పేరుమీద మాట్లాడేది ఎవరు?

జర్నలిజంలో పీజీ చేస్తున్న ఒకరు ఇలా అడిగారు: "పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఉండే పష్తూన్లు తమ గుర్తింపును చెప్పుకునే తీరును సోషల్ మీడియా ఎలా మార్చింది? నిజంగా ఏమైనా మారిందా, లేక ఇదంతా ఫోన్లలో పుట్టి ఫోన్లలోనే చల్లారే ఆవేశమా?" నేను చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఒక ఉర్దూ వార్తా డెస్కులో పనిచేశాను. పష్తూన్ల భాష పష్తో వింటే అర్థమవుతుంది, చదవడం మాత్రం నెమ్మది. అక్కడ ఉండగా మొదలైన ఆసక్తి ఇప్పటికీ పోలేదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పష్తూన్ల గుర్తింపు ఫోన్లలో పుట్టింది కాదు, అది చాలా పాతది. మారింది ఏమిటంటే, పష్తూన్ల పేరుమీద మాట్లాడే హక్కు ఎవరిది అన్న విషయం. ఒకప్పుడు ఆ మాట మలిక్‌లది, అంటే ప్రభుత్వం గుర్తించి భత్యం ఇచ్చే తెగ పెద్దలది. లేదా హుజ్రాలో కూర్చునే పెద్ద మగవాళ్లది. హుజ్రా అంటే మన రచ్చబండ లాంటిదే, కాకపోతే నాలుగు గోడలుంటాయి, అతిథులకు పడకా భోజనమూ ఉంటాయి. బయటి ప్రపంచానికైతే పష్తూన్ల గురించి చెప్పేది సైన్యమూ, ఇస్లామాబాద్ టీవీ చానళ్లూ, పాశ్చాత్య విలేకరులూ. ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడు ఫోన్ పట్టుకుని ఆ మాట తనదంటున్నాడు. అయితే హుజ్రా కట్టుబాట్లు కూడా అతని వెంటే ఫోన్‌లోకి వచ్చాయి. ఆ ఫోన్‌కి సిగ్నల్ ఇవ్వడం, ఆపడం ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది.

పష్తూన్లనే మనం పఠాన్లంటాం. మనలో చాలామందికి పఠాన్ అంటే సినిమా పాత్రో, అప్పులిచ్చి వడ్డీ వసూలు చేసే మనిషో గుర్తొస్తారు కాబట్టి కొంచెం నేపథ్యం చెప్పాలి. 1893లో బ్రిటిష్ వాళ్లు గీసిన డ్యూరాండ్ రేఖ పష్తూన్ ప్రాంతాన్ని రెండుగా చీల్చింది. పాకిస్తాన్ 2023 జనాభా లెక్కల్లో పష్తో మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 18 శాతం, అంటే నాలుగు కోట్లకు పైనే. అఫ్గానిస్తాన్‌లో 1979 తర్వాత జనాభా లెక్కలే జరగలేదు. అందుకే అక్కడ ఏ జాతి ఎంతమంది అన్నది ఫేస్‌బుక్‌లో ఎప్పటికీ తెగని గొడవ. పెషావర్, క్వెట్టా, కాందహార్ సరే, కరాచీలోనూ లక్షల మంది పష్తూన్లున్నారు. ఇక దుబాయ్, షార్జా, రియాద్‌లలో టాక్సీలు, ట్రక్కులు నడిపేవాళ్లలో వాళ్లెందరో నిజామాబాద్, జగిత్యాల నుంచి, కడప నుంచి వెళ్లిన మనవాళ్లను అడిగితే చెబుతారు.

పాకిస్తాన్ వైపున్న గిరిజన ప్రాంతాలకు, అంటే ఒకప్పటి ఫాటాకు, 1901 నాటి ఫ్రాంటియర్ క్రైమ్స్ రెగ్యులేషన్ అనే చట్టం 2018 దాకా వర్తించింది. ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తాన్ని శిక్షించే వీలు దానిలో ఉండేది. ఆ ప్రాంతంలో వయోజనులందరికీ ఓటు వచ్చింది 1996లో. బయటి విలేకరులు స్వేచ్ఛగా వెళ్లలేరు. 2009లో దక్షిణ వజీరిస్తాన్‌లో, 2014లో ఉత్తర వజీరిస్తాన్‌లో సైనిక చర్యలు జరిగి లక్షల మంది ఇళ్లు వదిలిపోయినా, టీవీలో కనిపించింది ఎక్కువగా సైన్యం ఇచ్చిన వీడియోలే. సొంత గొంతుకు చోటు అంత కరువైన జనం చేతికి ఫేస్‌బుక్ వచ్చిందన్నది గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

అసలు మలుపు 2018 జనవరి. నకీబుల్లా మెహసూద్ అనే యువకుడిది దక్షిణ వజీరిస్తాన్. కరాచీలో ఉంటూ మోడల్ కావాలని కలలు కన్నాడు. పొడుగు జుట్టు, మంచి బట్టలు, నవ్వుతూ దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేవాడు. జనవరి 13న కరాచీ పోలీసులు అతన్ని మరో ముగ్గురితో కలిపి ఎన్‌కౌంటర్‌లో చంపి, తాలిబాన్ ఉగ్రవాదులని ప్రకటించారు. ఆ బృందానికి నాయకుడు రావ్ అన్వర్ అనే సీనియర్ పోలీసు అధికారి. అలాంటి వార్త అంతకుముందు వచ్చి ఉంటే లోపలి పేజీలో నాలుగు లైన్లతో అయిపోయేది. ఈసారి అలా అవలేదు. చనిపోయిన మనిషి ఎవరో, ఎలా ఉండేవాడో, ఏమిష్టమో అతని ప్రొఫైల్‌లోనే అందరికీ కనిపిస్తోంది. ఆ ఫొటోలను గంటల్లో వేలమంది పంచుకున్నారు. అతనిపైనా, మిగతా ముగ్గురిపైనా పెట్టిన కేసులు బూటకమని 2019లో ఉగ్రవాద నిరోధక కోర్టు తేల్చింది. 2023 జనవరిలో రావ్ అన్వర్ నిర్దోషిగా బయటికొచ్చాడు. అది వేరే కథ.

ఆ ఫొటోల దగ్గర కాసేపు ఆగాలి. మీ ప్రశ్నలో "తమ గుర్తింపును చెప్పుకునే తీరు" అన్న మాటకు ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. మెహసూద్ తెగ కుర్రాడంటే పాకిస్తాన్ వార్తల్లో రెండే రూపాలు: తుపాకీ పట్టిన మిలిటెంటు, లేదా టెంటు ముందు కూర్చున్న శరణార్థి. నకీబ్ ఫొటోలు ఆ రెండింట్లో ఇమడలేదు. అతను జాతి గురించి ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు, అందంగా కనిపించాలనుకున్నాడంతే. అతను చనిపోయాక ఆ సరదా ఫొటోలే అతని తరఫు సాక్ష్యమయ్యాయి. వేలాది పష్తూన్ యువకులు ఆ ఫొటోలు చూసి "ఇది నేను కూడా కావచ్చు" అనుకున్నారు. తుపాకీ పట్టినవాడి శవాన్ని చూసి మధ్యతరగతి విద్యార్థి అలా అనుకోడు. మోడల్ కావాలనుకున్నవాణ్ని చూసి అనుకున్నాడు.

ఆ కోపం నుంచి లేచిందే పష్తూన్ తహఫ్ఫుజ్ మూవ్‌మెంట్, అంటే పష్తూన్ రక్షణ ఉద్యమం, పొట్టిగా పీటీఎం. దాని మూలం 2014లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లోని గోమల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు పెట్టుకున్న చిన్న మెహసూద్ సంఘం. నాయకుడు మంజూర్ పష్తీన్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. 2018 జనవరి చివర్లో డేరా ఇస్మాయిల్ ఖాన్ నుంచి బయల్దేరిన ఊరేగింపు ఇస్లామాబాద్ చేరి, ఫిబ్రవరి 1 నుంచి ధర్నాకు కూర్చుంది. అడిగినవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు: పొలాల్లో మందుపాతరలు తీయండి, అదుపులోకి తీసుకున్నాక మాయమైనవాళ్లను కోర్టులో చూపించండి, చెక్‌పోస్టుల దగ్గర ముసలివాళ్లను అవమానించకండి, నకీబ్ హంతకులను శిక్షించండి. పేరులో "మెహసూద్" పోయి "పష్తూన్" వచ్చి చేరడం చూడండి. ఒక తెగ ఫిర్యాదు కొద్ది వారాల్లో జాతి ఫిర్యాదైపోయింది. స్వాత్‌లో, క్వెట్టాలో, కరాచీలో ఉన్నవాళ్లు కామెంట్లలో "మా దగ్గరా ఇంతే" అని రాయడం మొదలుపెట్టకపోతే అంత త్వరగా అయ్యేది కాదు.

పాకిస్తాన్ చానళ్లు త్వరలోనే పీటీఎం సభలను చూపడం మానేశాయి. ఎవరూ కాగితం మీద ఆదేశం చూపించలేదు. మా డెస్కుకు వచ్చే ఏజెన్సీ వార్తల్లోనే తేడా తెలిసేది: పాతికవేల మంది చేరిన సభ గురించి ఒక్క ముక్క కూడా ఉండేది కాదు, అదే సాయంత్రం ఫేస్‌బుక్ లైవ్‌లో జనసముద్రం కనిపించేది. అదే 2018 జనవరిలో అమెరికా నిధులతో నడిచే పష్తో రేడియో మషాల్ ఇస్లామాబాద్ కార్యాలయాన్ని ప్రభుత్వం మూయించింది. అలా ఒక్కొక్క దారీ మూసుకుపోగా లైవ్ వీడియో ఒక్కటే మిగిలింది.

మంజూర్ పెట్టుకునే ఎరుపూ నలుపూ కలిసిన టోపీ సంగతి తప్పకుండా చెప్పాలి. కొన్ని నెలల్లో అది "పష్తీన్ టోపీ"గా పేరు తెచ్చుకుంది. లండన్ నుంచి క్వెట్టా దాకా ప్రొఫైల్ ఫొటోల్లో అదే. నిజానికి ఆ టోపీ వజీరిస్తాన్‌ది కాదు, ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని మజార్-ఎ-షరీఫ్ వైపుది. దాన్ని అక్కడ ఉజ్బెక్‌లూ హజారాలూ కూడా పెట్టుకుంటారు. తాతల నాటి తలపాగా కాకుండా, ఎక్కడి నుంచో వచ్చిన చవక టోపీ కళ్లముందే జాతి చిహ్నమైపోయింది. గుర్తింపు అనేది పెట్టెలో భద్రపరిచిన వారసత్వ వస్తువు అనుకునేవాళ్లకు ఈ టోపీని చూపించండి. కొన్నిచోట్ల దాన్ని పెట్టుకోవడమే అనుమానానికి కారణమైంది కూడా.

ఇప్పుడు చాలామంది పరిశోధకులు పట్టించుకోని విషయం. పీటీఎం హ్యాష్‌ట్యాగ్‌లు ట్రెండ్ అవుతున్న రోజుల్లో వజీరిస్తాన్‌లోనే చాలాచోట్ల మొబైల్ డేటా లేదు. భద్రతా కారణాలని చెప్పి గిరిజన జిల్లాల్లో 3జీ, 4జీ ఏళ్ల తరబడి ఆపేశారు. 2020లో కరోనా వచ్చి క్లాసులు ఆన్‌లైన్‌కి మారాక, ఊళ్లకు తిరిగివెళ్లిన విద్యార్థులు సిగ్నల్ కోసం కొండలెక్కారు, ధర్నాలు చేశారు, ఇస్లామాబాద్ హైకోర్టుకు వెళ్లారు. 2021 జనవరిలో అప్పటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ దక్షిణ వజీరిస్తాన్‌లోని వానా వెళ్లి సర్వీసు తిరిగి ఇస్తున్నట్లు ప్రకటించాడు.

దీని అర్థం ఏమిటంటే, మనం ఆన్‌లైన్‌లో "పష్తూన్ గొంతు" అని విన్నది చాలావరకు ఊరు వదిలినవాళ్ల గొంతు. ఇస్లామాబాద్ హాస్టళ్లలోని విద్యార్థులు, కరాచీలో స్థిరపడ్డవాళ్లు, దుబాయ్ డ్రైవర్లు, జర్మనీలో ఆశ్రయం పొందినవాళ్లు. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఊరి మీద ప్రేమ కాస్త ఎక్కువే కారుతుంది. అతనికి భయమూ తక్కువే, ఎందుకంటే పోలీసులు అతని తలుపు తట్టరు, ఊళ్లో ఉన్న అతని అన్న తలుపు తడతారు. విదేశాల్లోని కార్యకర్తల పోస్టులకు ఊళ్లోని బంధువులు మూల్యం చెల్లించిన సందర్భాలు ఉన్నాయి. పోస్టుల్లో కనిపించే తెగువ వెనక ఈ లెక్క ఉంది. దాన్ని మరిచిపోతే మీ విశ్లేషణ గాల్లో తేలుతుంది.

నెట్ లేని ఊళ్లకు వీడియోలు చేరలేదా అంటే చేరాయి. మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి వేయించుకోవడం, ఫోన్ నుంచి ఫోన్‌కి బ్లూటూత్‌లో పంపుకోవడం. గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్లు తెలుగు పాటలు అలాగే పంచుకునేవాళ్లు కదా, అదే పద్ధతి. లైకులు, షేర్లు మాత్రమే లెక్కపెట్టే పరిశోధన ఈ ప్రయాణాన్ని అసలు చూడదు.

భాష సంగతికి వస్తే, పాకిస్తాన్‌లో పష్తూన్ పిల్లలు ఎక్కువమంది చదివేది ఉర్దూలోనో ఇంగ్లిష్‌లోనో. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ పష్తో మాట్లాడతారు, కానీ దాని లిపిలో రాయమంటే తడబడతారు. అరబిక్ లిపికి అదనంగా పష్తోకి ప్రత్యేకమైన అక్షరాలున్నాయి, పాత ఫోన్లలో అవి సరిగా కనిపించేవే కావు. అందుకే రాత కంటే గొంతు ముందుకొచ్చింది: వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఫేస్‌బుక్ లైవ్, యూట్యూబ్, టిక్‌టాక్. రాసేటప్పుడు చాలామంది రోమన్ అక్షరాల్లో రాస్తారు, మనం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినట్టే. దీనివల్ల ఒక మంచి జరిగింది. చదువుకోని వ్యాన్ డ్రైవరూ, యూనివర్సిటీ కుర్రాడూ ఒకే చర్చలో ఉన్నారు. పష్తో పత్రికలు ఎన్నడూ చేయలేని పని ఇది.

పష్తో నోటి కవిత్వంలో టప్పా అని ఒకటుంది. అఫ్గానిస్తాన్‌లో లండయ్ అంటారు. రెండే పాదాలు, మొదటిదాంట్లో తొమ్మిది అక్షరాలు, రెండోదాంట్లో పదమూడు. ఎక్కువగా ఆడవాళ్లు కట్టినవి, కవి పేరు ఉండదు. ప్రేమ, విరహం, పిరికి మొగుడి మీద వెటకారం, యుద్ధం, వలస అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. సోషల్ మీడియాకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే సాహిత్య రూపం మరొకటి ఉండదనిపిస్తుంది. క్లుప్తంగా ఉంటుంది, గుర్తుంటుంది, ఎవరిదో తెలియనక్కర్లేదు, ఎవరైనా ఒక మాట మార్చి తమదిగా చేసుకోవచ్చు. డ్రోన్ దాడుల మీద, చెక్‌పోస్టుల మీద, దుబాయ్ వీసా మీద కొత్త టప్పాలు వచ్చాయి. సోషల్ మీడియా సంప్రదాయాన్ని చంపేస్తుందనే వాదన నాకు పష్తో విషయంలో మాత్రం మింగుడుపడదు. పీటీఎం కవి గిలమన్ వజీర్ పద్యాలు చదివే వీడియోలు సరిహద్దుకు రెండువైపులా పాకాయి. 2024 జూలైలో ఇస్లామాబాద్‌లో దాడికి గురై అతను చనిపోయినప్పుడు, పుస్తకం ముఖం చూడనివాళ్లు కూడా అతని పాదాలు అప్పజెప్పారు.

ఇక చరిత్ర. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖ్వానీ బజారులో బ్రిటిష్ సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరిపింది. 1948 ఆగస్టు 12న, పాకిస్తాన్ ఏర్పడి ఏడాదైనా నిండకముందే, చార్సద్దా దగ్గర బాబ్రాలో ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద సొంత ప్రభుత్వమే కాల్పులు జరిపింది. మనకు సరిహద్దు గాంధీగా తెలిసిన బాద్షా ఖాన్ అనుచరులే వాళ్లు. బాబ్రా గురించి పాకిస్తాన్ పాఠ్యపుస్తకంలో చదువుకున్న పిల్లవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. కానీ ఇప్పుడు ఏటా ఆగస్టు 12కి పష్తూన్ల ఫేస్‌బుక్ దాని గురించిన పోస్టులతో నిండిపోతుంది. రెండు రోజుల తర్వాత వచ్చే స్వాతంత్ర్య దినోత్సవం పక్కన దాన్ని నిలబెడతారు. సెప్టెంబర్ 23న పష్తూన్ సంస్కృతి దినం కూడా అంతే. అత్తణ్ నాట్యాలు, ఎంబ్రాయిడరీ బట్టలు, ఫొటోలతో ఆ రోజంతా హడావుడి.

దీనికి రెండో ముఖం ఉంది, నాకు అది నచ్చదు. "మమ్మల్ని ఎవరూ జయించలేదు", "మాది వీరజాతి" అనే పోస్టులు, ఏకే-47తో ఫొటోలు, కొండ మీద గద్ద బొమ్మలు. "యుద్ధ జాతులు" అనేది బ్రిటిష్ వాళ్లు సైన్యంలో భర్తీ కోసం అల్లిన సిద్ధాంతం. ఆ ముద్రనే మనవడు గర్వంగా స్టేటస్‌గా పెట్టుకుంటున్నాడు. అహింస కోసం లక్షమందిని నడిపిన బాద్షా ఖాన్ ఫొటో పక్కనే తుపాకీ ఫొటో. ఒకే మనిషి ఒకే రోజు రెండూ షేర్ చేస్తాడు. ఇది వంచనని నేననను. తమ గురించి ఇతరులు చెప్పిన కథ ఎంత లోతుగా దిగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

తాలిబాన్ ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. తాలిబాన్‌లో అత్యధికులు పష్తూన్లే, వాళ్ల వీడియోలు, తరానాలు (వాద్యాలు లేని పాటలు) అదే పష్తోలో, అదే ఫేస్‌బుక్‌లో, అదే ట్విటర్‌లో తిరిగాయి. అంటే "అసలైన పష్తూన్ ఎవడు" అనే పోటీలో వాళ్లూ ఒక పక్షమే. వాళ్ల వాదన ప్రకారం మతమూ, పరువూ, పరాయి సైన్యం మీద పోరాటమే పష్తూన్ లక్షణాలు. దానికి ఎదురు నిలిచినవాళ్లూ పష్తూన్లే. 2009లో స్వాత్ నుంచి బీబీసీ ఉర్దూకు మారుపేరుతో డైరీ రాసిన బాలిక మలాలా సంగతి అందరికీ తెలుసు. 2022 అక్టోబర్‌లో స్వాత్‌లో స్కూల్ వ్యాన్ మీద కాల్పులు జరిగి డ్రైవర్ చనిపోయాక, మింగోరాలో వేలమంది తాలిబాన్ మళ్లీ రావద్దని రోడ్డెక్కారు. ఉలసీ పాసూన్, అంటే ప్రజల తిరుగుబాటు అని దానికి పేరు. ఆ పిలుపు పాకింది కూడా వాట్సాప్, ఫేస్‌బుక్‌ల ద్వారానే. అయినా ప్రపంచ మీడియాలో పష్తూన్ అంటే తాలిబాన్ అనే లెక్క సాగుతూనే ఉంది. మొదటి బాధితులం మేమేనని చెప్పుకోవడానికి వాళ్లు ఆన్‌లైన్‌లో పడే ప్రయాస చూస్తే జాలేస్తుంది.

ఆడవాళ్ల విషయంలో నా జవాబు అంత ఆశాజనకంగా ఉండదు. పష్తూన్‌వలీ అనే అలిఖిత కట్టుబాట్లలో నంగ్, అంటే పరువు, చాలా భాగం ఆడవాళ్ల మీదే వేలాడుతుంది. 2020 మేలో వజీరిస్తాన్‌లో ఇద్దరు టీనేజీ అమ్మాయిలను, ఒక యువకుడితో ఉన్న చిన్న వీడియో బయటికొచ్చిందని, సొంత బంధువులే చంపేశారు. హుజ్రాలో గుసగుసగా ఆగిపోయే విషయం వీడియో వల్ల వేలమంది ముందుకు వెళ్తే పరువు లెక్క ఎంత ఘోరంగా మారుతుందో ఇది చెబుతుంది. అందుకే చాలామంది పష్తూన్ అమ్మాయిల ఖాతాల్లో ముఖం ఉండదు: పువ్వో, గాజుల చెయ్యో, మారుపేరో. టప్పా కట్టిన ముత్తవ్వలు కూడా పేరు చెప్పుకోలేదు. కాని ఇప్పటి అమ్మాయి అదే చాటున రాజకీయాలు రాస్తోంది, చదువు గురించి వాదిస్తోంది, మగ నాయకులను పేరుపెట్టి నిలదీస్తోంది. కామెంట్లలో ఆమెకు దొరికేది బూతులే, వాటిని రాసేవాళ్లలో పష్తూన్ హక్కుల పోస్టులు పెట్టేవాళ్లూ ఉంటారు. మాయమైన అన్నల కోసం గొంతెత్తే ఉద్యమం చెల్లెలి ఖాతా దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నములుతుంది.

అఫ్గానిస్తాన్‌లో 2017లో "నా పేరేది" అనే అర్థంతో ఒక ప్రచారం మొదలైంది. అక్కడ ఆడమనిషి పేరు బయట పలకడమే తప్పుగా చూస్తారు. 2020లో తల్లి పేరు గుర్తింపు కార్డులో చేర్చేలా చట్టం మార్చారు. 2021 సెప్టెంబర్‌లో తాలిబాన్ నల్ల బురఖాల ప్రదర్శన పెట్టించినప్పుడు, విదేశాల్లోని అఫ్గాన్ మహిళలు రంగురంగుల సంప్రదాయ దుస్తుల్లో ఫొటోలు పెట్టి ఇదీ మా సంస్కృతి అన్నారు. ఈ రెండూ పష్తూన్లకే పరిమితమైనవి కావు, తాజిక్, హజారా మహిళలూ ఉన్నారు. ఆ కలయిక అరుదైంది. ఎందుకంటే అదే అఫ్గాన్ ఆన్‌లైన్ ప్రపంచంలో 2018లో ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు మీద "అఫ్గాన్" అనే మాట రాయాలా వద్దా అని పెద్ద రభస జరిగింది. ఆ మాట చారిత్రకంగా పష్తూన్లకు చెందింది కాబట్టి తమ కార్డుల మీద వద్దని మిగతా జాతులవాళ్లు చాలామంది అన్నారు. ఒకరి ఆత్మగౌరవం పక్కవాడికి పెత్తనంగా కనిపించవచ్చు. పాకిస్తాన్‌లో పష్తూన్ పీడితుడిగా మాట్లాడతాడు, కాబూల్‌లో అదే పష్తూన్‌ని పాలక జాతిగా చూస్తారు. "ఇటూ అటూ ఒక్కటే అఫ్గాన్" అనే నినాదం ఫేస్‌బుక్‌లో బాగుంటుంది కానీ, ఈ తేడాను దాటలేదు.

మన హైదరాబాద్‌కి ఇందులో ఒక చిన్న పాత్ర ఉంది. అఫ్గాన్ క్రికెటర్ రషీద్ ఖాన్ 2017 నుంచి 2021 దాకా సన్‌రైజర్స్‌కి ఆడాడు, మొహమ్మద్ నబీ కూడా కొన్నాళ్లు ఉన్నాడు. ఉప్పల్ స్టేడియంలో అరిచిన మనవాళ్లలో ఎంతోమందికి తెలిసిన మొదటి నంగర్‌హార్ పష్తూన్ అతనే. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోవడానికి కొద్దిరోజుల ముందు, మమ్మల్ని ఇలా వదిలేయకండని ప్రపంచ నాయకులకు అతను పెట్టిన పోస్టును తెలుగు అభిమానులూ షేర్ చేశారు. 2024 డిసెంబర్‌లో అఫ్గాన్ అమ్మాయిల వైద్య శిక్షణ ఆపేసినప్పుడు కూడా అతనూ, నబీ మాట్లాడారు. దేశంలో కుటుంబాలున్న క్రికెటర్లకు అది చిన్న సాహసం కాదు.

ఇక "ఫోన్లలో పుట్టి ఫోన్లలో చల్లారే ఆవేశమా" అన్న ప్రశ్న. అలాంటిదే అయితే ప్రభుత్వాలు ఇంత కష్టపడవు. 2019 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ పాకిస్తాన్ సైన్యపు ప్రచార విభాగం ఉద్యోగులతో సంబంధమున్న వందకు పైగా పేజీలు, ఖాతాలను తొలగించింది. అంటే రెండోవైపు నుంచి కూడా ఆ మైదానంలో జీతాలిచ్చి దింపిన ఆటగాళ్లున్నారు. అదే ఏడాది మే 26న ఉత్తర వజీరిస్తాన్‌లోని ఖర్‌కమర్‌లో చెక్‌పోస్టు దగ్గర కాల్పులు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. గుంపు దాడి చేసిందని సైన్యం అంది, నిరాయుధుల మీద కాల్చారని పీటీఎం అంది, ఫోన్ వీడియోల మీద వాదన నెలలపాటు నడిచింది. 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా పాకిస్తాన్‌లో ఎక్స్, అంటే ఒకప్పటి ట్విటర్, పనిచేయలేదు. 2024 అక్టోబర్ 6న పీటీఎంని నిషేధించారు. అయినా 11 నుంచి ఖైబర్ జిల్లా జమ్రూద్‌లో మూడు రోజుల జాతీయ జిర్గా, అంటే పెద్దల సభ, జరిగింది, పలు పార్టీలవాళ్లూ వచ్చారు. ఎక్స్ లేని రోజుల్లో, నిషేధం తర్వాత కూడా జనం అంతలా వచ్చారంటే, ఫోన్ కలిపిన బంధాలు ఫోన్ లేకపోయినా పనిచేస్తున్నాయన్నమాట. అలాగని హ్యాష్‌ట్యాగ్‌తో మందుపాతర తీయలేం. మాయమైనవాళ్ల కోసం ఫొటో పట్టుకుని కూర్చున్న తల్లులు ఇప్పటికీ కూర్చునే ఉన్నారు. అడిగేవాడి గొంతు వినిపించేలా అయింది, ఇచ్చేవాడు మాత్రం ఇవ్వలేదు. నా అంచనా ఇంతే.

మీరు దీన్నే డిసర్టేషన్‌కి తీసుకుంటే కొన్ని మాటలు. ఎక్స్ మీద ఆధారపడకండి, అక్కడుండేది ఇంగ్లిష్ వచ్చిన పిడికెడు మంది. ఫేస్‌బుక్, యూట్యూబ్, టిక్‌టాక్ కామెంట్లు చూడండి. ఆటోమేటిక్ అనువాదాన్ని నమ్మకండి, రోమన్ పష్తోని అది ఉర్దూ అనుకుని ఏదేదో చెబుతుంది. ఉస్మానియాలోనూ ఇఫ్లూలోనూ అఫ్గాన్ విద్యార్థులు చదువుతుంటారు, పరిచయం చేసుకుని వాళ్ల దగ్గర కూర్చుని వినండి. కాకపోతే వాళ్లు అఫ్గాన్లు, పాకిస్తాన్ పష్తూన్ల తరఫున వాళ్లచేత మాట్లాడించకండి. అన్నిటికంటే ముఖ్యం, మీ థీసిస్‌లో ఎవరి ఖాతా పేరూ రాయకండి, స్క్రీన్‌షాట్ పెట్టకండి, పోస్టును మాటకు మాట ఎత్తి రాయకండి. వెతికితే మనిషి దొరికిపోతాడు. 2025 జనవరిలో సవరించిన పాకిస్తాన్ సైబర్ చట్టం ప్రకారం తప్పుడు వార్త అని తేలితే మూడేళ్ల దాకా జైలు. అమ్మాయిల ఖాతాలైతే జైలు కంటే ముందు ఇల్లే ఉంది. మీ గైడ్ ఒప్పుకోకపోతే మీ విశ్వవిద్యాలయపు ఎథిక్స్ కమిటీకి రాయండి, కావాలంటే ఆ ఉత్తరం రాయడంలో నేను సాయం చేస్తాను.